నూట పదహార్లు పెట్టు అమ్మీ

కర్నూలు

అమ్మీ,

నువ్వు పంపిన రేట్ల కాగితం అందింది. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఫోన్‌లో సన్న అక్షరాలు చదవడం యాష్టగా ఉంది. అందుకని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, నిన్న రాత్రి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నా. సిల్వర్ 99, గోల్డ్ 199, ప్లాటినం 399, అన్నీ నెలవారీ. ఒక్క నాటకమే చూడాలంటే 149. మీ నలుగురూ ఉద్యోగాలు మానేసి, అనంతపురంలో గది తీసుకుని, పౌరాణిక నాటకాలూ హరికథలూ లైవ్ ఇచ్చే యాప్ చేస్తున్నారంటే నాకు సంతోషమే. కానీ ఈ రేట్లు చూస్తే, మీలో ఎవరూ ఈ మధ్య తెల్లవార్లూ చాప మీద కూర్చుని నాటకం చూడలేదని తెలిసిపోయింది.

నేను ముప్పై ఏళ్లు వీడియోలు తీసినవాణ్ని. పెళ్లిళ్ల క్యాసెట్లతో మొదలుపెట్టా, కేబుల్లో లోకల్ ఛానెల్ నడిపా, ఇప్పుడు యూట్యూబ్ లైవ్ దాకా వచ్చా. సంపాదించిన దానికంటే పోగొట్టుకున్నది ఎక్కువ. మీ అమ్మకు ఆ లెక్క బాగా తెలుసు, ఆమెనే అడుగు.

ముందు ఆ సిల్వర్, గోల్డ్ సంగతి. మా చిన్నప్పుడు టికెట్టు నాటకాలకు నేల, బెంచి, కుర్చీ అని మూడు రేట్లుండేవి. కుర్చీ వాడికి కృష్ణుడి కిరీటం దగ్గరగా కనిపించేది, నేల వాడు మెడ చాచాల్సి వచ్చేది. అందుకే తేడా కట్టేవాళ్లు. ఫోన్‌లో అందరిదీ ఒకటే కుర్చీ కదా! ప్లాటినం వాడికి బొమ్మ స్పష్టంగా ఇస్తాం, సిల్వర్ వాడికి మసకగా ఇస్తాం అని రాశావు. మన ప్రేక్షకుడు అరవై దాటినవాడు, ఆరంగుళాల తెరలో చూస్తాడు. ఆయనకు రాగం తెగకుండా వినపడితే చాలు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో ఆయన చూడడు.

మరి ఆయన దేనికి డబ్బిస్తాడు? నాటకం నడుస్తుండగా చదివింపులు ఎట్లా వస్తాయో గుర్తు తెచ్చుకో. రాయబారంలో కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తాడు, జనం వన్స్‌మోర్ అంటారు, ఎవడో ఒకడు లేచి వెళ్లి నోటు గుచ్చుతాడు. హార్మోనియం ఆగుతుంది. మైకులో ‘ఫలానా ఊరి ఫలానా ఆయన కృష్ణ పాత్రధారికి 116 రూపాయలు’ అని చదువుతారు. ఆ డబ్బు పద్యానికి ఎంత ఇచ్చాడో, మైకులో పేరు వినపడడానికీ అంతే ఇచ్చాడు. నాటకం ఊరంతటికీ ఉచితమే. యూట్యూబ్ వాళ్లు సూపర్ చాట్ అని పెట్టింది అదే. మనవాళ్లు వందేళ్లుగా చేస్తున్న పనే. నువ్వు గేటు దగ్గర టికెట్టు చింపాలని చూస్తున్నావు. మన జనం లోపలికి వచ్చాక ఇస్తారు.

నాకు ఎదురు చెప్తావని తెలుసు. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి వాళ్లు టికెట్టు మీదే బతికారు కదా అంటావు. నిజమే. కానీ వాళ్లకు చుట్టూ కట్టిన డేరా ఉంది, తెరలున్నాయి, గాల్లో లేచే మనుషులున్నారు. ఇంకెక్కడా దొరకనిది చూపించారు. నీ దగ్గర డేరా లేదు. నీ లైవ్ ముందు ఇంకో ఫోన్ పెట్టి ఫేస్‌బుక్‌లో వదిలేస్తే నువ్వేం చేస్తావు?

అది నాకు జరిగింది కాబట్టే చెప్తున్నా. కరోనా తగ్గుతున్న రోజుల్లో ఆదోని దగ్గర ఒక ఊళ్లో నాటకానికి 50 రూపాయల లింకు పెట్టా. 83 మంది కొన్నారు. గంటకల్లా వాళ్లలో ఒకడు తన టీవీని ఫోన్‌తో తీస్తూ ఊరి గ్రూపులో లైవ్ ఇచ్చేశాడు. అక్కడ నాలుగు వందల మంది చూస్తున్నారు, నా దగ్గర 83. అది చాలనట్టు రాత్రి ఒంటి గంటకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ కెమెరాలకు పెట్టాను గానీ రౌటర్‌కు పెట్టలేదు. నలభై నిమిషాలు తెర నల్లగా ఉంది. పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు. అందరికీ డబ్బు వెనక్కి పంపా, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకునే గేట్‌వే వాళ్ల కమిషన్ మాత్రం నాకు వెనక్కి రాలేదు. ఉచితంగా ఇచ్చినప్పుడు కరెంటు పోతే జనం కరెంటోళ్లను తిడతారు, యాభై తీసుకుంటే మనల్ని తిడతారు.

ఇక అసలు ప్రమాదం. కాగితం వెనక నేను వేసిన లెక్క చూడు, తప్పుంటే దిద్దు. సొంత సర్వర్ నుంచి ఇస్తామన్నావు. సెకనుకు 2 మెగాబిట్లతో పంపినా గంటకు ఒక్కో మనిషికి 900 ఎంబీ అవుతుంది. ఆరు గంటల నాటకానికి 5.4 జీబీ. జీబీకి 3 రూపాయలు పడుతుందనుకో. 500 మంది చివరిదాకా కూర్చుంటే ఆ రాత్రికి 8,100 రూపాయలు. ఇప్పుడు నీ సిల్వర్ చందాదారుణ్ని తీసుకో. 99లో జీఎస్టీ 18 శాతం కింద 15 రూపాయల చిల్లర పోతుంది. గేట్‌వే 2 శాతం, దాని మీద మళ్లీ జీఎస్టీ, ఇంకో రెండు రూపాయల ముప్పై పైసలు. మిగిలింది 81న్నర. ప్లే స్టోర్ బిల్లింగ్ ద్వారా తీసుకుంటే అందులోంచీ వాటా పోతుంది. ఆ మనిషి నాటకాల పిచ్చోడై నెలకు ఎనిమిది చూశాడనుకో, 43 జీబీ, అంటే 130 రూపాయలు. నీకు అందరికంటే మంచి ప్రేక్షకుడు ఎవరో, అతని మీదే నెలకు దాదాపు యాభై నష్టం! నాటకం చూడకుండా డబ్బు కట్టేవాళ్ల మీద బతకాలి అప్పుడు. అట్లాంటి వ్యాపారాలు ఉన్నాయిలే, జిమ్ములు అట్లాగే నడుస్తాయంటారు. మనకెందుకు?

అందుకని మొదటి ఏడాది లైవ్ యూట్యూబ్‌లో ఇవ్వు. డేటా ఖర్చు వాళ్లది. యాప్ పక్కన పెట్టమని చెప్పడం లేదు, దాంట్లో ఏం పెట్టాలో కిందికి రాస్తా. యూట్యూబ్‌లో 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో మూడు పబ్లిక్ వీడియోలు, ఏడాదిలో 3,000 గంటల వీక్షణ ఉంటే సూపర్ చాట్, మెంబర్‌షిప్ తెరుచుకుంటాయి. ప్రకటనల డబ్బు కావాలంటే 1,000 మంది, 4,000 గంటలు. పెద్ద సంఖ్య అనుకోకు. ఒక రాత్రి 300 మంది తలా మూడు గంటలు చూస్తే 900 గంటలు. అయిదు రాత్రుల్లో గంటలు దాటేస్తావు. ఒక్కటి మాత్రం మరచిపోకు, లైవ్ అయ్యాక వీడియోను ప్రైవేట్ చేస్తే ఆ గంటలు లెక్కలోకి రావు. మా కుర్రాడు ఒకడు చక్కగా ఎడిట్ చేసి మళ్లీ పెడదామని మూడు నెలల లైవ్‌లు దాచేశాడు, గంటలన్నీ కిందికి జారిపోయాయి.

ప్రకటనల మీద వచ్చేదాంట్లో నీకు 55 శాతం, సూపర్ చాట్, మెంబర్‌షిప్‌లో 70 శాతం. 100 డాలర్లు పోగయ్యేదాకా డబ్బు బ్యాంకుకు రాదు, కాబట్టి దాన్ని నమ్ముకుని గది అద్దె ఒప్పుకోవద్దు. ఎనిమిది నిమిషాలు దాటిన వీడియోల్లో మధ్యలో ప్రకటనలు పెట్టుకోవచ్చు. ఎక్కడ పడాలో నువ్వే కూర్చుని గుర్తులు పెట్టు. నేనొకసారి ఆటోమేటిక్‌కు వదిలేశా. కృష్ణుడు రాగం పైకి తీసుకుపోయి నిలబెట్టాడు, అక్కడ టూత్‌పేస్టు వచ్చింది. కామెంట్లు నీకు చూపించలేను, మీ అత్త కూడా చదివింది.

నెలవారీ చందా గురించి ఇంకో మాట. ఆటోపే పెడితే డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ వెళ్లాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. మన పెద్దాయన ఆ మెసేజ్ చూసి ‘ఎవడో నా డబ్బు లాగుతున్నాడు’ అని కొడుకును లేపుతాడు. కొడుకు గమ్మున రద్దు చేస్తాడు. నెల నెలా వద్దు. సంక్రాంతి నుంచి ఉగాది దాటేదాకా జాతరలూ తిరునాళ్లూ ఉంటాయి, ఆ సీజన్ మొత్తానికి ఒకేసారి తీసుకో. అదీ 99 కాదు. 99 చెప్పుల షాపు రేటు. 116 పెట్టు, 516 పెట్టు, 1,116 పెట్టు. చదివింపు అంకెలు మనవాళ్ల చేతికి అలవాటు. పదిహేడు రూపాయలు ఎక్కువైనా బేరం చేయరు, చూడు కావాలంటే.

ఇచ్చినవాళ్లకు ఏమివ్వాలి? 116కు పేరు తెర కింద పరుగెత్తాలి, ఊరి పేరుతో సహా. ఊరి పేరు తప్పు పడితే గొడవే, ఇద్దరు సరిచూడండి. 516కు సీజన్‌లో తీసిన నాటకాలన్నీ పద్యాల వారీగా విడగొట్టి మీ యాప్‌లో. మీ యాప్ పనికొచ్చేది ఇక్కడే. లైవ్ యూట్యూబ్‌కు వదిలేసి, ఈ పద్యాల పెట్టె యాప్‌లో పెట్టు. పది నిమిషాల పద్యానికి డేటా ఎంతవుతుంది, లెక్క నువ్వే చెయ్యి. 1,116కు విరామంలో ఒక పద్యం అడిగి పాడించుకునే అవకాశం, నాటక సమాజం వాళ్లు ఒప్పుకుంటేనే. రాత్రికి ఇద్దరికి మించి ఇవ్వకు.

1,116 ఇచ్చేది ఎవరనుకుంటున్నావు? ఊళ్లో ఉన్నవాడు కాదు. రాయచోటి, రాజంపేట, కడప వైపు నుంచి కువైట్ పోయినవాళ్లు. ఇక్కడ పదిన్నరకు తెర లేస్తే అక్కడ రాత్రి ఎనిమిది, అన్నం వండుకునే వేళ. గదిలో ఆరుగురు ఒక ఫోన్ చుట్టూ చేరి సొంత ఊరి తిరునాళ్ల చూస్తారు. ఒకడి పేరు చదివితే మిగతా అయిదుగురూ ఊరుకోరు. శుక్రవారం వాళ్లకు సెలవు కాబట్టి గురువారం రాత్రి నాటకం దొరికితే వదలకు. విదేశీ కార్డులు తీసుకునే సౌకర్యం గేట్‌వేలో విడిగా తెరిపించుకోవాలి, కమిషన్ రొంత ఎక్కువే ఉంటుంది. ముందే తెరిపించు, నాటకం రోజు పరుగెత్తకు.

వీటన్నిటికంటే నమ్మకమైన డబ్బు ఇంకోటి ఉంది, నీ కాగితంలో అది అసలు లేనే లేదు. నాటకం పెట్టించేది జాతర కమిటీ. పందిరికి, లైటింగ్‌కు, భోజనాలకు డబ్బు వేసుకున్నట్టే లైవ్‌కూ వేసుకుంటారు. మూడు కెమెరాలు, మనుషులు, వ్యాను, రెండు కంపెనీల సిమ్‌లు, జనరేటర్ అన్నీ కలిపి నాకు రాత్రికి 11 వేలు పడుతుంది. 18 అడుగుతా, 15కు దిగుతా. సగం ముందు, మిగతా సగం తెర లేవకముందు. తెర దిగాక అడిగితే కమిటీ ప్రెసిడెంట్ నిద్రపోతుంటాడు, ఖజానా తాళం ఇంకొకరి దగ్గర ఉంటుంది. విత్తనాల షాపు, నగల షాపు, ట్రాక్టర్ షోరూం వాళ్ల బోర్డులు విరామంలో తెర మీద వేస్తే ఒక్కొక్కటి వెయ్యి. ఆ ప్రకటన డబ్బు మొత్తం నీదే, యూట్యూబ్ వాటా లేదు. అయితే డబ్బిచ్చి వేయించిన ప్రకటన ఉందని అప్‌లోడ్‌లో టిక్కు పెట్టాలి, మరవకు.

కళాకారుల దగ్గర మాత్రం పిసినారితనం చూపించకు. వేదిక మీద పాడినవాడికి రికార్డింగ్ మీద చట్ట ప్రకారమే హక్కుంది, 50 ఏళ్లు. తెలుగులో ఒక పేజీ ఒప్పందం రాసి, పెద్దగా చదివి వినిపించి, ఒక్కొక్కరి దగ్గరా సంతకం తీసుకో. వేలిముద్రయినా సరే. నా పద్ధతి చెప్తా. తెర మూలన సమాజం వాళ్ల సొంత క్యూఆర్ కోడ్ పెడతా, దాంట్లో పడ్డది పైసా నేను ముట్టను. సూపర్ చాట్‌లో నా చేతికి వచ్చినదాంట్లో సగం వాళ్లకు. ఒకప్పుడు అంతా నేనే ఉంచుకున్నా. మరుసటి ఏడు సత్యభామ వేషం కట్టే ఆయన నా కెమెరా చూసి మేకప్ గదిలోంచి బయటికి రానన్నాడు.

పద్యాల హక్కుల గురించి నీ స్నేహితుడు టెన్షన్ పడుతున్నాడన్నావు. రచయిత పోయిన తర్వాతి ఏడు నుంచి 60 ఏళ్లు హక్కు. ఇద్దరు కలిసి రాస్తే ఆఖరున పోయినవారి నుంచి లెక్క. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వారు పోయింది 1950లో. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో. రాయబారం పద్యాలకూ, హరిశ్చంద్రలో బలిజేపల్లి వారి పద్యాలకూ భయం లేదు. కాటి సీనులో కలిపి పాడే జాషువా గారి పద్యాలకు మాత్రం హక్కు ఇంకా ఉంది, ఆయన పోయింది 1971లో. అంతకంటే పెద్ద భయం విరామంలో మైకుసెట్టు వాడు వేసే సినిమా పాటలతో. ఆ పాటల కంపెనీ క్లెయిమ్ వేస్తే ఆ వీడియో ప్రకటనల డబ్బు వాళ్లకు పోతుంది, ఒక్కోసారి లైవ్ కూడా ఆగిపోతుంది. మైకుసెట్టు వాడికి ముందే టీ తాగించి, విరామంలో నీ లైవ్‌కు సౌండు లైను కట్ చేయించుకో. ఆ టైములో షాపుల బోర్డులు వేసుకో.

వచ్చే నెల ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర. పక్క ఊళ్లో ఒక సమాజం వాళ్లతో మాట్లాడి పెట్టా, కమిటీ 14 వేలకు ఒప్పుకుంది. మీ నలుగురిలో ఇద్దరు రండి చాలు, భోజనాల ఖర్చు పెరుగుతుంది. ఒప్పందం కాగితాలు పాతిక కాపీలు, స్టాంపు ప్యాడ్, రౌటర్‌కు వేరే ఇన్వర్టర్ తెచ్చుకోండి. దుప్పట్లు కూడా. రాత్రి మూడింటికి చలి బాగా ఉంటుంది. మీ అమ్మను నువ్వుల పొడి చేసి పంపమను.

నీ మామ