ఊరి కబుర్లు దాటేసి చదవొచ్చా?

ప్రశ్న: థామస్ హార్డీ ‘ఫార్ ఫ్రమ్ ద మాడింగ్ క్రౌడ్’ సగం దాకా వచ్చాను. సొంతంగా వ్యవసాయం నడుపుకునే బాత్‌షెబా కథ బాగుంది కానీ, పాలేర్లంతా చేరి తాగుతూ చెప్పుకునే సోది భరించలేకపోతున్నాను. ఆ పేజీలు తిప్పేస్తే నష్టమా సార్?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నష్టమేనమ్మా. ఎందుకో చెప్పాలంటే కథ బయటపెట్టాలి, వద్దనుకుంటే నవల అయ్యాకే ఇది చదవండి.

8వ అధ్యాయంలో జోసెఫ్ పూర్‌గ్రాస్ అనే పిరికివాడి గురించి నవ్వుకుంటారు, గుర్తుందా? రాత్రి అడవిలో దారి తప్పి, గుడ్లగూబ కూస్తే ఎవరో పేరడుగుతున్నారనుకుని తన పేరూ ఊరూ చెప్పుకున్న మనిషి. సరిగ్గా ఆయన్నే 42వ అధ్యాయంలో, బాత్‌షెబా మొగుడు ట్రాయ్ ఒకప్పుడు ప్రేమించిన ఫానీ అనే పిల్ల శవపేటికను బండిలో తెమ్మని పంపిస్తారు. దారంతా పొగమంచు, పక్కన శవం, మనవాడికి గుండె జారిపోయింది. దారిలో సారాయి దుకాణం, అందులో ఇద్దరు స్నేహితులు... ఇంకేముంది, బాత్‌షెబా దగ్గర పనిచేసే గాబ్రియేల్ వచ్చి బండి తోలుకెళ్లేసరికి చీకటి పడింది, పాదరీ పూడ్చడం రేపు చూద్దామన్నాడు. పేటిక ఆ రాత్రికి బాత్‌షెబా ఇంట్లోనే ఉండిపోయింది. మూత మీద సుద్దతో రాసిన ‘బిడ్డ’ అన్న మాటను గాబ్రియేల్ చెరిపేశాడు పాపం, కానీ అప్పటికే ఊళ్లో గుసగుస ఆమె చెవిన పడింది. మూత తీసి చూసింది. తర్వాత మొగుడు ట్రాయ్ రావడం, ఆ చనిపోయిన పిల్లే నా భార్య, నువ్వు నాకేమీ కావని బాత్‌షెబా మొహాన్నే అనడం!

జోసెఫ్ ఎవరికీ చెడు తలపెట్టలేదు. దుకాణం దగ్గర ఆగకపోతే ఆ సాయంత్రమే ఫానీతో పాటు రహస్యం కూడా మట్టిలో కలిసేది. ఆగడానికి కారణమైన భయాన్ని హార్డీ ఎప్పుడో 8వ అధ్యాయంలోనే, మీరు సోది అంటున్న చోటే పెట్టాడు.

1878 నాటి ‘ద రిటర్న్ ఆఫ్ ద నేటివ్’లోనూ ఇదే పని చేశాడు. కొడుక్కీ మేనకోడలికీ ఇమ్మని ఓ తల్లి 100 గినీలు క్రిస్టియన్ కాంటిల్ అనే అమాయకుడి చేతిలో పెడుతుంది, అతను పాచికల్లో పోగొడతాడు. వేరేవాడు ఆ డబ్బు గెలిచి, మొత్తం మేనకోడలిదే అనుకుని ఆమెకే ఇచ్చేస్తాడు. కొడుకు వాటా అతనికి చేరక, ఆ తల్లికీ కోడలికీ మొదలైన గొడవ చావుల దాకా పోతుంది.

హార్డీ మరో నవల ‘టెస్’లో మాత్రం ఓ పాదరీ మొదటి పేజీలోనే దారిన పోతూ, టెస్ తండ్రికి అతని వంశం గొప్ప చెప్పేసి కథకు నిప్పంటిస్తాడు. అది నాకంత నచ్చదు. ఆయన ఎవరో మనకు తెలిసే లోపే పని అయిపోతుంది.