సముద్రం రంగు చదవాలనుకుంటున్న అబ్బాయికి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫిజిక్స్ డిగ్రీ అయిపోవస్తోంది, ఉపగ్రహాలతో సముద్రం రంగును చదివే పనిలోకి వెళ్లాలని ఉంది, ఇదసలు ఉద్యోగమేనా అని ఇంట్లో అడుగుతున్నారు అని రాశావు. ఉద్యోగమే. నేను 30 ఏళ్లు దీంతోనే బతికాను. కానీ నీ ఉత్తరం చివర్లో ఒక మాట చూసి కాస్త దిగులేసింది. "కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనే కదా, సముద్రంలోకి వెళ్లక్కర్లేదు కదా" అన్నావు. వెళ్లాలి నాన్నా. ఎందుకో చెబుతాను, తర్వాత ఉద్యోగం సంగతి మాట్లాడుకుందాం.

ఉపగ్రహం సముద్రం మీదుగా పోతున్నప్పుడు దాని సెన్సర్‌కి అందే వెలుగులో సుమారు 90 శాతం నీటిది కాదు, గాలిది. గాలి అణువులూ, దుమ్మూ, ఉప్పు తుంపరలూ చెదరగొట్టిన వెలుగు అది. నీళ్లలోకి దిగి, అక్కడున్న ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే కంటికి కనపడనంత చిన్న మొక్కల్లాంటి జీవులు) సంగతి మోసుకుని పైకొచ్చిన వెలుగు మిగిలిన ఆ కాస్తలోనే ఉంటుంది. గాలి వాటాను తీసేసి నీటి వాటాను మిగుల్చుకోవడమే అట్మాస్ఫెరిక్ కరెక్షన్. పైన కొలిచిన వెలుగులో 1 శాతం తేడా వస్తే కింద నీటి లెక్కలో దాదాపు 10 శాతం తేడా వస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే మిగతా చదువంతా ఎందుకు చదువుతున్నావో తెలుస్తుంది.

ఆ తీసివేత ఎలా చేస్తారంటే, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే ఎరుపుకి కాస్త అవతల కంటికి కనపడని వెలుగులో, నీరు వెలుగును దాదాపు మొత్తం మింగేస్తుంది, నల్లగా కనిపిస్తుంది. అక్కడ సెన్సర్‌కి ఏమైనా వెలుగు అందిందంటే అది గాలిదే. దాన్నిబట్టి నీలం దగ్గర గాలి వాటా ఎంత ఉంటుందో అంచనా కడతారు. హోవార్డ్ గోర్డన్, మెంగువా వాంగ్ 1994లో రాసిన పద్ధతికి మూలం ఇదే, ఈనాటికీ దాని మీదే ఎంతో పని నడుస్తోంది. నడిసముద్రంలో ఇది చక్కగా పనిచేస్తుంది. బురద నీళ్లున్న తీరం దగ్గరికి వచ్చేసరికి నీరు అక్కడ నల్లగా ఉండదు, మట్టి రేణువులు వెలుగును తిప్పికొడతాయి. లెక్క దాన్ని కూడా గాలి ఖాతాలో వేసేసి, నీలంలో ఉన్నదానికంటే ఎక్కువ తీసేస్తుంది. నీటి నుంచి వచ్చే వెలుగు మైనస్‌లో పడుతుంది! కుర్రాళ్లు చాలామంది ఆ మైనస్ పిక్సెళ్లను చెత్త అనుకుని కొట్టేసి ముందుకు పోతారు. నువ్వు అక్కడే ఆగు. అసలు సమస్య ఉన్నది అక్కడ.

ఫైటోప్లాంక్టన్‌లో ఉండే ఆకుపచ్చ పదార్థం క్లోరోఫిల్ లెక్క కూడా అంతే. క్లోరోఫిల్ నీలాన్ని మింగుతుంది కాబట్టి నీలానికీ ఆకుపచ్చకీ ఉన్న నిష్పత్తి నుంచి అది ఎంతుందో చెబుతాం. కానీ నదులు మోసుకొచ్చే కుళ్లిన ఆకుల రసం, నీళ్లలో కరిగిపోయిన ఆ పసుపుపచ్చ పదార్థం, అదీ నీలాన్నే మింగుతుంది. నదీముఖం దగ్గర మ్యాపు క్లోరోఫిల్ ఎక్కువుందని ఎర్రగా వెలిగిపోతుంటే అది క్లోరోఫిల్ కాకపోవచ్చు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా ఉంటాయి. సీసాలో నీళ్లు పట్టి వడకడితేనే తేడా తెలుస్తుంది.

నా మొదటి ఓడ ప్రయాణంలో జరిగింది చెబుతాను. నీళ్లు తోడి, 25 మిల్లీమీటర్ల గ్లాస్ ఫైబర్ ఫిల్టర్ మీద పోసి నెమ్మదిగా పంపుతో లాగాలి. ఫిల్టర్ మీద లేత ఆకుపచ్చ మచ్చ మిగులుతుంది. దాన్ని పట్టకారుతో మడిచి, వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో పెట్టాలి. ఇదంతా మసక వెలుతురులో చేయాలని చెప్పారు. నేను పెద్ద లైటు కింద చేశాను, ఫిల్టర్లను కాసేపు బల్ల మీదే వదిలేశాను. వెలుతురుకి క్లోరోఫిల్ విరిగిపోతుంది. తిరిగొచ్చాక చూస్తే ఉపగ్రహం చెప్పింది ఎక్కువ, నా సీసాలు చెప్పింది తక్కువ. ఉపగ్రహానిదే తప్పని థీసిస్‌లో సగం అధ్యాయం రాసేశాను. "ఫిల్టర్ చేసేటప్పుడు ఏ లైటు వేశావమ్మా?" అని ల్యాబులో ఒక పెద్దాయన అడిగిన రోజు ఆ సగం అధ్యాయం తీసేశాను. ఆ తర్వాత ఏ డేటా చూసినా, అది ఏ చేతుల మీదుగా వచ్చిందని అడగకుండా వాడలేదు.

డెక్ మీద రేడియోమీటర్, అంటే వెలుగును కొలిచే పరికరం, పట్టుకోవడమూ నేర్చుకో. నీటివైపు, నిట్టనిలువు నుంచి 40 డిగ్రీల కోణంలో, సూర్యుడి దిక్కు నుంచి సుమారు 135 డిగ్రీలు పక్కకి తిప్పి చూడాలి. ఓడ నీడ పడకూడదు, నురుగు రాకూడదు. పోల్చుకోవడానికి పెట్టే తెల్ల పలక మీద వేలు పెట్టకూడదు. ఇన్ని చేసినా ఉపగ్రహం వచ్చే వేళకి మబ్బు పడుతుంది. ఉపగ్రహం దాటిన మూడు గంటల అటూఇటూలో, మబ్బులేని కొలతలు మాత్రమే పోలికకి నిలుస్తాయి. నెలరోజుల ప్రయాణంలో చేతికి కొన్నే మిగిలితే బాధపడకు, అందరికీ అంతే.

ఇక ఉద్యోగం మాట. ఒకే ఉపగ్రహాన్ని నమ్ముకుని కెరీర్ కట్టుకోకు. ఈ రంగంలో మొదటి సెన్సర్ సీజెడ్‌సీఎస్ 1978లో నింబస్-7 ఉపగ్రహం మీద వెళ్లి 1986 దాకా పనిచేసింది. ఆ తర్వాత సుమారు పదేళ్లు ఖాళీ. 1997లో సీవిఫ్స్ అనే సెన్సర్ వచ్చాకే పని మళ్లీ ఊపందుకుంది. 2012లో ఎన్విశాట్ ఉపగ్రహంతో ఉన్నట్టుండి సంబంధం తెగిపోయి, దాని మీదున్న మెరిస్ సెన్సర్ ఆగిపోయింది. దాని వారసుడు ఓల్సీ సెంటినల్-3ఎ మీద 2016లో గానీ రాలేదు. ఈ ఖాళీల్లో నిలబడినవాళ్లు వెలుగు నీటిలో ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు. ఏ సెన్సర్ వచ్చినా వాళ్లకి పని ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో వెళ్లిన నాసా ఉపగ్రహం పేస్ ఐదారు రంగులు కాదు, అతినీలలోహితం నుంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్ దాకా దాదాపు వరుసగా కొలుస్తోంది. ఎంత క్లోరోఫిల్ అన్నదే కాక, ఏ రకం ఫైటోప్లాంక్టన్ అన్నది కూడా అడగొచ్చు. నీ వయసువాళ్లకి ఇంతకంటే మంచి సమయం ఏముంటుంది?

అందరూ మ్యాపులు గీసే వైపు, మెషీన్ లెర్నింగ్ వైపు పోతున్నారు. అది నేర్చుకో, వద్దనను. కానీ ఆ మోడళ్లకి మేత ఆ ఫిల్టర్లూ రేడియోమీటర్లే. కాలిబ్రేషన్, అంటే సెన్సర్ల అంకెలు సరిచూసే పని, చేసేవాళ్లు నా కళ్లముందే తగ్గిపోతున్నారు. హవాయిలో లనాయి దీవి దగ్గర మోబీ అనే బోయ్, నీటి మీద తేలే కొలత పరికరం, 1997 నుంచి సెన్సర్ల లెక్క సరిచూస్తోంది. అలాంటి పనిలో ఉన్నవాళ్ల పేర్లు పెద్దగా బయటికి రావు, వాళ్లు లేకపోతే మిగతా ఎవరి అంకెలూ నిలవవు. నన్నడిగితే నువ్వు అటు వెళ్లు.

చదువులో రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్ (వెలుగు గాలిలో, నీటిలో ఎలా నడుస్తుందో చెప్పే లెక్క), స్టాటిస్టిక్స్, పైథాన్ గట్టిగా పట్టుకో. బయాలజీ లేదని టెన్షన్ పడకు, ఒక నెల మైక్రోస్కోప్ దగ్గర కూర్చుంటే భయం పోతుంది. సముద్రం రంగు పనికి అంతర్జాతీయ సంఘం ఐఓసీసీజీ, దాని రిపోర్టులు ఉచితం. వాళ్లు పెట్టే వేసవి పాఠాలకి వీలైనప్పుడు దరఖాస్తు చెయ్యి. పీహెచ్‌డీకి గైడ్‌ని ఎంచుకునేటప్పుడు పేరు చూసి వెళ్లకు. ఓడ మీద చోటు దొరుకుతుందా, పాత స్టూడెంట్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ఈ రెండూ అడుగు. పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు ఏడాదికో రెండేళ్లకో కాంట్రాక్టులే ఉంటాయి, ఆ సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పు.

ఈలోగా ఈ ఉపగ్రహ డేటాని లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ సీడాస్ దింపుకో, డబ్బులు కట్టక్కర్లేదు. ఏదైనా తీరం, ఒక్క రోజు, లెవెల్-1 డేటా, అంటే గాలి వాటా ఇంకా తీయని డేటా, తీసుకుని కరెక్షన్ నువ్వే నడిపించు. మైనస్ వచ్చిన పిక్సెళ్లు ఎక్కడున్నాయో చూడు. మబ్బు అంచునా, నదీముఖం దగ్గరా, దుమ్ము కిందా? రాసి పంపు, కూర్చుని చూద్దాం.

నీ పెద్దమ్మ