ఆవుల మందలో లామా ఎందుకు? మన గొర్రెలకి పనికొస్తుందా?

అమెరికాలో ఆవులు, గుర్రాలు మేసే చోట మధ్యలో ఒక లామా (ఒంటె కుటుంబానికి చెందిన, పొడుగు మెడ ఉన్న దక్షిణ అమెరికా జంతువు) ఎందుకుంటుంది, మన గొర్రెల మందకి కూడా తెచ్చుకోవచ్చా అని అడిగారు. నేను టెక్సాస్‌లో మూడేళ్లు ఉద్యోగం చేసి ఇప్పుడు అత్తాపూర్‌లో ఉంటున్నాను, మా మామకి చేవెళ్ల దగ్గర గొర్రెలున్నాయి, రెండు చోట్లా చూసింది చెప్తాను.

కాపలాకే. అక్కడ కయోటీలని నక్క కన్నా పెద్దవి, తోడేలు కన్నా చిన్నవి ఉంటాయి, ఆవులు ఈనే రోజుల్లో లేగదూడల కోసం వస్తాయి. లామాకేమో కుక్కజాతి అంటేనే పడదు. నా కొలీగ్ వాళ్ల నాన్నకి నలభై ఆవులు, రెండు గుర్రాలు, ఒక లామా ఉండేవి. ఒక సాయంత్రం నేను అక్కడ ఉండగానే ఎవరిదో కుక్క కంచె సందులోంచి దూరింది. ఆవులింకా తల కూడా ఎత్తలేదు, లామా అప్పటికే చెవులు నిక్కించి మెడ చాచి అటే చూస్తోంది. కీచుగా, ఆగి ఆగి అరిచి, నేరుగా కుక్క మీదికే నడిచింది. కుక్క కాసేపు చూసి వెనక్కి తిరిగి పోయింది. పారిపోయేదాన్ని తరమడం కుక్కకి అలవాటు, ఎదురొచ్చేదాని దగ్గర జంకుతుంది. అప్పటికీ కదలకపోతే లామా తంతుంది, కాళ్ల కింద వేసి తొక్కుతుంది, 150 కిలోల జంతువు మరి.

ఒక్కదాన్నే పెడతారు. రెండుంటే అవి రెండూ ఒక జట్టయి మందని వదిలేస్తాయి, ఒంటరిదైతే ఆవులనే తన మంద అనుకుంటుంది. మగదైతే విత్తులు కొట్టించిందే ఉండాలి, లేకపోతే గొర్రెల మందలో ఆడవాటి మీదికెక్కి నలిపేస్తుంది. మేత విడిగా అక్కర్లేదు, అదే గడ్డి తింటుంది, పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. గుర్రాలకి మాత్రం దాని అవసరం పెద్దగా లేదు, పెద్ద గుర్రం జోలికి కయోటీ రాదు. పైగా కొత్తలో అవి లామాని చూసి బెదురుతాయని కొలీగ్ వాళ్ల నాన్న దాన్ని కొన్ని వారాలు కంచె అవతలే కట్టేశాడట.

ఇక మన సంగతి. మామ 2017లో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఇచ్చిన 20 గొర్రెలు, ఒక పొట్టేలుతో మొదలుపెట్టాడు. రెండేళ్ల కింద ఒక్క రాత్రిలో వీధికుక్కలు పదకొండు పిల్లల్ని చంపేశాయి. పొద్దున నేను వెళ్లేసరికి ఆయన దొడ్డి దగ్గరే కూర్చుని ఉన్నాడు, మాట రాలేదు. అప్పుడు నాకూ లామానే గుర్తొచ్చింది. కానీ మన దగ్గర వచ్చేది ఒక్క కుక్క కాదు, ఆరేడు కలిసి వస్తాయి, గుంపుని లామా ఆపలేదు, దాన్నే చంపేస్తాయి. అది ఆండీస్ కొండల్లో చలికి పుట్టిన ఉన్ని జంతువు, టెక్సాస్‌లోనే ఎండాకాలం వచ్చే ముందు ఉన్ని కత్తిరించి ఫ్యాన్లు పెట్టేవాళ్లు, మన మే నెల ఎట్లా తట్టుకుంటుంది? బయటి దేశం నుంచి తేవాలంటే అనుమతులు, క్వారంటైన్ టెన్షన్ వేరే.

మేం ముళ్లకంప తీసేసి ఆరడుగుల ఇనుప జాలీ కట్టాం, కుక్కలు తవ్వుతాయని అడుగు లోతున మట్టిలో పాతాం. రెండు కుక్కపిల్లల్ని చిన్నప్పటి నుంచీ గొర్రెల మధ్యే పెంచాం. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్క పిల్ల కూడా పోలేదు. మీ దొడ్డి ఇప్పుడు దేంతో కట్టారో, ఎన్ని గొర్రెలున్నాయో రాయండి, జాలీ ఎంత పడుతుందో లెక్క వేసి చెప్తాను.