ఫ్రెండ్స్ ఊళ్ళకి ఆర్వీలో వెళ్తే బండి ఎక్కడ పెట్టాలి? టెక్సాస్ నుంచి మా అనుభవం

మీరడిగింది ఇదీ: అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, డాలస్ నుంచి శాన్ ఆంటోనియో దాకా దారి పొడవునా ఫ్రెండ్స్ ఉన్నారు. ఆర్వీ (పడకలు, వంటిల్లు, టాయిలెట్ ఉండే బండి) అద్దెకి తీసుకుని ఒక్కొక్కరి ఇంటి ముందూ ఆగుతూ, మధ్యలో నదులూ లేకులూ చూసుకుంటూ వెళ్ళడం కుదురుతుందా?

కుదురుతుంది. మా అత్తయ్యగారిని, మావయ్యగారిని వెంటబెట్టుకుని మేము ఇదే దారిలో తిరిగాం. పెద్దవాళ్ళు లేకుండానూ తిరిగాం. మీ ప్లాన్‌లో ఒక్కటి మాత్రం మార్చండి. బండిని ఫ్రెండ్స్ ఇంటికి తీసుకెళ్ళొద్దు. వాళ్ళింటికి అరగంట, గంట దూరంలో నీళ్ళ పక్కనున్న పార్కులో దిగి, వాళ్ళనే అక్కడికి రమ్మనండి.

ఎందుకంటారా? మనవాళ్ళు ఉండే కాలనీల్లో చాలావాటికి హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటుంది. డ్రైవ్‌వేలో గానీ రోడ్డు మీద గానీ ఆర్వీ పెట్టనివ్వరు. మా ఫ్రెండ్ ఇంట్లో అయితే మర్నాడు పొద్దున లేచేసరికి తలుపుకి నోటీసు అంటించి ఉంది. ఆయన మొహమాటానికి "ఏం పర్లేదు, ఉండండి" అంటూనే ఉన్నారు గానీ, మనకి అక్కడ కాలు నిలవదు కదా. పైగా గ్యారేజీలో ఉండేది మామూలు ప్లగ్. అడాప్టర్ పెట్టి ఆర్వీ ఏసీ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. మే తర్వాత టెక్సాస్‌లో ఏసీ లేకుండా ఆ డబ్బాలో పడుకోవడం అయ్యే పని కాదు.

అదే పార్కులో అయితే కరెంటు, నీళ్ళు, బెంచీ, పొయ్యి, పిల్లలు పరుగెత్తడానికి చోటు, అన్నీ ఉంటాయి. ఫ్రెండ్స్ కూడా మనింటికి చుట్టాలొస్తున్నారు, ఇల్లు సర్దాలి, అన్న టెన్షన్ లేకుండా ట్రేలు పట్టుకుని వచ్చేస్తారు.

మేము వెళ్ళే దారి చెప్తాను. డాలస్ నుంచి ఐ-35 హైవే మీద వేకో దాకా వెళ్ళి, లేక్ వేకో ఒడ్డున ఎయిర్‌పోర్ట్ పార్కులో మొదటి రాత్రి. అక్కడ ఫ్రెండ్స్ ఎవరూ లేరు, బండి అలవాటు కావడానికి ఆగుతాం, అంతే. తర్వాత జార్జ్‌టౌన్ లేక్ దగ్గర జిమ్ హాగ్ పార్కు. సీడర్ పార్క్, లియాండర్, రౌండ్ రాక్‌లలో ఉండే మనవాళ్ళకి ఇది బాగా దగ్గర. అక్కడి నుంచి బర్నెట్ మీదుగా ఇంక్స్ లేక్ స్టేట్ పార్కు. ఆ తర్వాత 281 హైవే పట్టుకుని మార్బుల్ ఫాల్స్, జాన్సన్ సిటీ, బ్లాంకో దాటితే గ్వాడలూప్ రివర్ స్టేట్ పార్కు. శాన్ ఆంటోనియో ఉత్తరం వైపు ఉండేవాళ్ళు అక్కడికి తేలిగ్గా వస్తారు. ఒక్కో మజిలీ వంద మైళ్ళు దాటదు. పెద్దవాళ్ళతో అంతకంటే ఎక్కువ పెట్టుకోకండి. ఆర్వీ వెనక సీట్లలో కుదుపు కారులో లాగా ఉండదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళని డ్రైవర్ పక్కన కూర్చోబెట్టండి.

వీటిలో వేకో, జార్జ్‌టౌన్ పార్కులు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌వి, అంటే అమెరికా సైన్యంలోని ఇంజనీర్ల విభాగానివి. డ్యాములు వాళ్ళే కట్టారు, చుట్టూ పార్కులూ వాళ్ళే చూసుకుంటారు. బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో, మామూలుగా ఆరు నెలల ముందు నుంచి. స్టేట్ పార్కుల బుకింగ్ వేరు, అది ఐదు నెలల ముందు నుంచి. 62 ఏళ్ళు నిండిన సిటిజన్లకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఫెడరల్ సీనియర్ పాస్ ఇస్తారు. దానితో కోర్ పార్కుల్లో క్యాంపింగ్ సగం ధరకే. మీ అమ్మానాన్న విజిటర్ వీసా మీద వస్తుంటే అది వర్తించదు.

ఇంక్స్ లేక్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. టెక్సాస్ లేకులు చాలావరకు ఎండాకాలంలో లోపలికి వెళ్ళిపోయి, బోటు ర్యాంపులు బురదలో తేలతాయి. ఇంక్స్ లేక్‌లో నీటిమట్టం దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పైనున్న బ్యుకానన్ డ్యామ్ నుంచి వచ్చిన నీళ్ళు వచ్చినట్టే కిందికి పోతుంటాయి. ఒడ్డున నైస్ (gneiss) అనే రకం గులాబీ రంగు రాళ్ళు, వాటి వయసు వంద కోట్ల ఏళ్ళకి పైమాటే. మా మావయ్యగారు పొద్దున్నే లుంగీ, పైన స్వెట్టరు, చేతిలో స్టీలు గ్లాసుతో ఆ రాళ్ళ దాకా వాకింగ్‌కి వెళ్ళేవారు. మూడో రోజుకల్లా ఆ బండ్ల వరసలో ఉన్న ప్రతి తెల్లాయనా ఆయన్ని చూసి చెయ్యి ఊపడం మొదలెట్టాడు. ఈయన ఇంటికి, అదే, బండికి వచ్చి ఎవరి ట్రైలర్ ఎంతకి కొన్నారో మాకు చెప్పేవారు. రాత్రిళ్ళు మాత్రం తినేవేవీ బయట వదలకండి, రకూన్లు అనే అడవి జంతువులు కూలర్ మూతలు తీసేస్తాయి.

వంట దగ్గరికి వద్దాం. మీరు ప్రశ్నలో అడగలేదు గానీ, ఆర్వీలో మనవాళ్ళు ఇబ్బంది పడేది ఇక్కడే. సైట్‌లో (పార్కులో మన బండి పెట్టుకునే చోటులో) 30 ఆంప్స్ కరెంటు అంటే మొత్తం 3600 వాట్లు. ఏసీ నడుస్తూ, ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో పప్పు ఉడుకుతూ, ఇంకెవరో మైక్రోవేవ్ నొక్కారంటే అంతా చీకటి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇంటిల్లిపాదికీ ముందే చెప్పిపెట్టండి. పోపు లోపల వెయ్యకండి. ఎండుమిరపకాయలు అలా నూనెలో పడగానే స్మోక్ అలారం మోగుతుంది, అది ఆగేలోపు పోపు మాడుతుంది. మా అత్తయ్యగారు బయట పిక్నిక్ బల్ల మీద చిన్న గ్యాస్ స్టవ్ పెట్టించుకుని, గాలి తగలకుండా చుట్టూ కూలర్లు అడ్డం పెట్టుకుని, పులిహోర పోపు అక్కడే వేసేవారు. బర్న్ బ్యాన్ (మంటల మీద నిషేధం) ఉన్నప్పుడు కట్టెల మంట వెయ్యకూడదు. గ్యాస్ స్టవ్‌కి మామూలుగా అభ్యంతరం ఉండదు, అయినా ఆఫీసులో ఒక మాట అడగండి. ఇడ్లీ పిండి పులిశాక తీసుకెళ్ళండి, దారిలో పులియబెడదాం అనుకుంటే గిన్నెలో సగం బండి గోడల మీద ఉంటుంది.

ట్యాంకుల సంగతి. స్టేట్ పార్కుల్లో చాలా సైట్లకి నీళ్ళు, కరెంటు మాత్రమే ఉంటాయి, డ్రైనేజీ ఉండదు. వాడిన నీళ్ళు బండి కిందున్న ట్యాంకుల్లో చేరతాయి. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంక్, సింకు, స్నానాలది గ్రే ట్యాంక్. టాయిలెట్‌లో చెంబు వాడే అలవాటు గురించి ఏ దిగులూ వద్దు, నీళ్ళు ఎక్కువ పడితే ఆ ట్యాంకుకి మంచిదే, అడుగున ఏదీ అంటుకోదు. ముందు నిండేది గ్రే. కుళాయి వదిలేసి గిన్నెలు తోమడం మన అలవాటు కదా. మేము పేపర్ ప్లేట్లు వాడి, స్నానాలకి పార్కు బాత్‌రూములకే వెళ్తాం. వెళ్ళేటప్పుడు డంప్ స్టేషన్‌లో ముందు బ్లాక్ ఖాళీ చేసి, తర్వాత గ్రే వదిలితే గొట్టం కడిగినట్టు అవుతుంది. ఆదివారం మధ్యాహ్నం అక్కడ క్యూ మన తిరుమల క్యూలా ఉంటుంది, పొద్దున్నే కానిచ్చేయండి.

ఫ్రెండ్స్‌కి ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టేట్ పార్కుకి వచ్చే పెద్దవాళ్ళకి మనిషికింత అని ప్రవేశ రుసుం ఉంటుంది, 12 ఏళ్ళ దాకా పిల్లలకి ఉండదు. శని, ఆదివారాల్లో పార్కు నిండితే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు, కాబట్టి వాళ్ళు ఆన్‌లైన్‌లో డే పాస్ తీసుకుని రావాలి. రాత్రి 10 తర్వాత బయటివాళ్ళు ఉండకూడదు. బహిరంగంగా మందు తాగడం స్టేట్ పార్కుల్లో నిషేధం, ఈ మాట కొందరు ఫ్రెండ్స్‌కి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంకోటి, మీది మోటర్‌హోమ్ (ఇంజను దానిలోనే ఉండే ఆర్వీ) అయితే కరెంటు, పైపులు తగిలించాక మీకు కారు లేనట్టే. గుడికో, సరుకులకో వెళ్ళాలంటే అన్నీ విప్పాలి. వచ్చే ఫ్రెండ్‌నే ఒక ట్రిప్ వెయ్యమనండి. కొత్తిమీర, పాలు, పెరుగు వాళ్ళే పట్టుకొస్తే ఇంకా హాయి.

నది పక్కన బస విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తాను. గ్వాడలూప్ చూడటానికి చాలా బాగుంటుంది, పెద్ద సైప్రస్ చెట్లు, మోకాళ్ళ లోతు చల్లటి నీళ్ళు. కానీ ఆ కొండ ప్రాంతమంతా పల్చటి మట్టి, కింద సున్నపురాయి. వాన నీరు ఇంకదు, ఉన్నపళంగా నదిలోకి దిగుతుంది. 2025 జూలై 4 తెల్లవారుజామున వచ్చిన వరదలో ఎగువనున్న కెర్ కౌంటీలోనే వంద మందికి పైగా చనిపోయారు. సమ్మర్ క్యాంపు పిల్లలు, ఆర్వీ పార్కుల్లో నిద్రపోతున్నవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. అందుకే నది దగ్గర మేము ఎత్తులో ఉన్న సైటే తీసుకుంటాం, పగలు నీళ్ళలోకి దిగి సాయంత్రానికి పైకి వచ్చేస్తాం. ఫోన్‌లో వరద హెచ్చరికలు ఆన్‌లో ఉంచండి. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే ఎంత తక్కువగా కనిపించినా దాటొద్దు. వాన సూచన ఉంటే ఆ రాత్రి బస లేక్‌కి మార్చేయండి.

బండి విషయానికొస్తే, 25 అడుగుల క్లాస్ సీ (మధ్య సైజు మోటర్‌హోమ్) మీ నలుగురికీ సరిపోతుంది, మామూలు లైసెన్స్ చాలు. అద్దెతో పాటు మైళ్ళకి, జనరేటర్ గంటలకి విడిగా వేస్తారు, ముందే లెక్క చూసుకోండి. మీ కారు ఇన్సూరెన్స్ ఆర్వీకి పనికొస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. పెట్రోలు గ్యాలన్‌కి పది మైళ్ళు కూడా రాకపోవచ్చు. ఎత్తు ఎక్కువ కాబట్టి డ్రైవ్‌త్రూల వైపు చూడకండి.

కాలం మార్చి, ఏప్రిల్ అయితే బ్లూబానెట్ పూలు కూడా కనిపిస్తాయి. అక్టోబర్, నవంబర్ కూడా బావుంటాయి. జూలై, ఆగస్టు వద్దు. స్ప్రింగ్ బ్రేక్ (మార్చిలో బడి సెలవులు) వారం కావాలంటే మాత్రం ఫ్రెండ్స్‌ని "ఏ శనివారం ఖాళీ?" అని అడుగుతూ కూర్చోకండి. వాట్సాప్ గ్రూపులో ఆ చర్చ తేలేలోపు సైట్లన్నీ అయిపోతాయి. ముందు బుక్ చేసి, తర్వాత తేదీ చెప్పండి. రాగలిగినవాళ్ళు వస్తారు.