రోజూ పరిగెత్తేవాళ్లకి కొండ సరస్సు హైక్ తేలికేనా? ముందు దిగడం గురించి ఆలోచించండి

మీరు అడిగింది ఇదీ: రోజూ 5 కి.మీ. పరిగెత్తే అలవాటుంది, కొండ మీద సరస్సు దాకా వెళ్లి అదే రోజు తిరిగి రావాలి, రానూపోనూ 12 కి.మీ., 700 మీటర్ల ఎత్తు ఎక్కాలి, కష్టం ‘మోడరేట్’ (ఓ మాదిరి) అని రాసుంది, ఉదయం పదింటికి మొదలుపెడితే సరిపోతుందా, వేరే ప్రాక్టీస్ ఏమైనా కావాలా అని.

వెళ్లండి. మీరు ఎక్కగలరు, అందులో నాకు అనుమానమే లేదు. పదింటికి మాత్రం వద్దు. ఇక ప్రాక్టీస్ అంటారా, నాలుగైదు అంతస్తుల బిల్డింగ్ ఏదైనా దగ్గర్లో ఉంటే రేపటి నుంచి మెట్లు దిగండి. ఎక్కడం కాదు, దిగడం. లిఫ్ట్‌లో పైకి వెళ్లి మరీ దిగండి. ఈ మాట ఎవరికి చెప్పినా వింతగా చూస్తారు కానీ, నేను కళ్లారా చూసి చెప్తున్నాను.

కొన్నేళ్ల క్రితం నేను, అక్క, తమ్ముడు దాదాపు ఇలాంటి దారిలోనే ఒక సరస్సుకి వెళ్లాం. తమ్ముడు మీలాగే, రోజూ పొద్దున్నే లేచి పరిగెత్తేవాడు, ఒక్కోసారి 10 కి.మీ. కూడా. అక్కకి నలభై దాటాయి, వ్యాయామం అంటూ ఏమీ చెయ్యదు. ఆఫీసు మాత్రం నాలుగో అంతస్తులో, తనకి లిఫ్ట్ అంటే భయం కాబట్టి ఏళ్ల తరబడి రోజుకి మూడు నాలుగు సార్లు మెట్లెక్కి దిగుతోంది. ఆ సంగతి మాకెవరికీ తట్టనే లేదు. అక్క ఎలా వస్తుందో అని దారంతా మేమిద్దరం టెన్షన్ పడ్డాం.

ఎక్కేటప్పుడు మేం అనుకున్నట్టే జరిగింది. తమ్ముడు ఎప్పుడూ ఓ మలుపు ముందుండేవాడు, అక్క ఆయాసపడుతూ ఆగి ఆగి వచ్చేది. చివర్లో నిట్టనిలువు గోడలాంటి ఎక్కుడు ఒకటి ఉంది, పక్కనే నీళ్లు దూకుతుంటాయి. అది ఎక్కేస్తే సరస్సు కనిపిస్తుందనుకున్నాం, కనిపించలేదు, దాని వెనక ఇంకో గట్టు. ఇలాంటి సరస్సులు చాలావరకు అంతే. ఒకప్పుడు అక్కడున్న మంచు నది జారుతూ జారుతూ రాతిని గిన్నెలా తొలిచేసి, అంచు దగ్గర రాళ్లగుట్ట వదిలి కరిగిపోయింది, ఆ గిన్నెలో నిలిచినవే ఈ నీళ్లు. కాబట్టి అంచు మీదికి వచ్చేదాకా సరస్సు నీరు చుక్క కూడా కంటపడదు. ముందు చల్లగాలి మొహానికి కొట్టింది, ఇంకో నాలుగడుగులకి మొత్తం సరస్సు ఒక్కసారిగా కనిపించింది. అక్క ఏమీ మాట్లాడకుండా చాలాసేపు అలా నిలబడిపోయింది. ఆ క్షణం కోసం ఎంత దూరమైనా నడవొచ్చు, ఈ విషయంలో నాతో ఎవరూ వాదించలేరు.

అప్పటికి పదకొండున్నర. తమ్ముడు బూట్లు విప్పి, కాళ్లు నీళ్లలో పెట్టి, బండ మీద వెల్లకిలా పడుకున్నాడు. చెమటతో తడిసిన కాటన్ టీషర్ట్ ఒంటి మీదే ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది, అంటే కింద హాయిగా ఉన్న ఎండ పైకి వచ్చేసరికి నాలుగైదు డిగ్రీలు చల్లబడిపోయి ఉంటుంది, పైగా గాలి. ఒంటి గంటకి అక్క వాణ్ణి లేపింది. “ఒరేయ్ లేవరా, మబ్బు పడుతోంది.” వాడు కళ్లు కూడా తెరవకుండా, “ఇంకో పది నిమిషాలక్కా, ఇక దిగడమేగా” అన్నాడు.

దిగడమేగా. ఈ మాట నేను ఎంతమంది నోట విన్నానో.

మొదటి అరగంట వాడు రాళ్ల మీంచి గెంతుతూ దిగాడు. ఆ గోడలాంటి చోటు దాటి, కాలి కింద కంకర జారే భాగం మొదలయ్యేసరికి వెనకబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే ఊరికే నిలబడి ఉన్నా వాడి తొడలు వాటంతటవే వణుకుతున్నాయి. మోకాలెత్తు రాయి మీంచి దిగాలంటే కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కో కాలూ కిందికి జార్చుకుంటున్నాడు. వాన మొదలైంది. అప్పుడు అక్క బ్యాగు నాకిచ్చేసి వాడి ముందుకి వెళ్లి నిలబడింది. “నా భుజం మీద చెయ్యి వెయ్యి నాన్నా, నా మడమల వైపే చూడు, దూరం చూడకు. నేను కాలు పెట్టిన చోటే పెట్టు.” అలా ఒక్కో అడుగూ, కొంచెం పక్కకి తిరిగి, మోకాళ్లు వంచి, వాణ్ణి కిందిదాకా దింపింది. ఎక్కడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు పట్టిన దారి దిగడానికి దాదాపు ఐదు గంటలు పట్టింది. బండి దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతోంది. తర్వాత మూడు రోజులు వాడు ఇంట్లో మెట్లు ఎక్కగలిగాడు కానీ దిగలేకపోయాడు.

నేను అప్పటి నుంచి దీని గురించి దొరికిందల్లా చదివాను. ఎక్కేటప్పుడు తొడ ముందువైపు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది, గుండెకీ ఊపిరితిత్తులకీ శ్రమ, పరుగు అలవాటున్నవాళ్లకి అది తేలికే. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బ్రేక్‌లా ఒంటి బరువంతా ఆపాలి. సాగుతూ బరువు ఆపినప్పుడు కండరంలో సన్నసన్నగా దెబ్బతింటుంది, ఆ నొప్పి అప్పటికప్పుడు కాదు, ఒకటి రెండు రోజులు గడిచాక బాగా తెలుస్తుంది. చదునైన రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తినా ఈ పని ఇంతగా అలవాటు కాదు. మంచి సంగతేమిటంటే, ఇలాంటి దిగుడు ఒక్కసారి గట్టిగా చేసినా కండరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత కొన్ని వారాల పాటు అంతగా దెబ్బతినదు. కాబట్టి వెళ్లే ముందు వారంలో కాదు, రెండు మూడు వారాల ముందే మెట్లు దిగి ఆ నొప్పేదో ఇంట్లోనే పడండి.

ఇక ఆ ‘మోడరేట్’ అనే మాట. నాకు దాని మీద చాలా కోపం ఉంది. ఎవరికి మోడరేట్? అమెరికాలో షెనండోవా నేషనల్ పార్క్ వాళ్లు కనీసం ఒక లెక్క పెట్టుకున్నారు: ఎత్తు అడుగుల్లో, దూరం మైళ్లలో తీసుకుని, రెండూ గుణించి, దాన్ని రెట్టింపు చేసి వర్గమూలం కడతారు. 50 నుంచి 100 లోపు వస్తేనే మోడరేట్. మీ దారికి కట్టి చూశాను, 185 వచ్చింది, వాళ్ల లెక్కలో 150 దాటితే కష్టమైనదే. ఇంకోచోట ఇదే దారిని మోడరేట్ అంటారు. అందుకే ఆ మాట పక్కన పెట్టి అంకెలు చూడండి అంటాను.

టైం సంగతి కూడా అంతే. విలియం నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్కని ఇప్పటికీ వాడుతున్నారు: గంటకి 5 కి.మీ., దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. మీ దారికి మూడున్నర గంటలు వస్తుంది. ఇందులో దిగడం కష్టమన్న ఊసే లేదు! తర్వాత ఎరిక్ లాంగ్‌మ్యూర్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు దాన్ని సరిదిద్ది, బాగా ఏటవాలుగా ఉన్నచోట ప్రతి 300 మీటర్ల దిగుడుకీ పది నిమిషాలు కలపమన్నాడు. అది కూడా ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. మీరు నీళ్లు తాగాలి, ఫొటోలు తీసుకోవాలి, సరస్సు దగ్గర గంట కూర్చోవాలి. ఏడు గంటలు పెట్టుకోండి. ఎండాకాలంలో కొండల మీద మధ్యాహ్నం దాటాకే మబ్బులు ఉరుములతో కమ్ముకొస్తాయి కాబట్టి, పదింటికి మొదలుపెడితే ఆ టైంకి మీరు చెట్టు నీడ కూడా లేని గట్టు మీద ఉంటారు. ఆరున్నర, ఏడు, అంతకన్నా ఆలస్యం వద్దు. ఎక్కడున్నా సరే ఫలానా టైంకి వెనక్కి తిరుగుతాం అని ముందురోజే అందరూ ఒప్పుకోండి, పైకి వెళ్లాక ఎవరూ ఒప్పుకోరు.

పైకి వెళ్లాక దయచేసి ఆ నీళ్లలో సబ్బు కలపకండి. చేతులు కడుక్కోవాలన్నా నీళ్లు పట్టుకుని ఒడ్డుకి అరవై మీటర్ల దూరం వెళ్లండి, అంత చల్లని నీళ్లలో మురికి త్వరగా పోదు. ఫొటో కోసం రాళ్లు దొంతరలుగా పేర్చేవాళ్లని చూస్తే కూడా నాకు కడుపు మండుతుంది, పొగమంచులో ఆ దొంతరలే దారి గుర్తులనుకుని తప్పిపోయేవాళ్లు ఉంటారు. ఈత వచ్చినా ఒక్కసారిగా దూకకండి, ఆ చలికి ఊపిరి మన చేతుల్లో ఉండదు, మొదటి నిమిషంలోనే నీళ్లు మింగేస్తారు.

తమ్ముడు మరుసటి ఏడాది మళ్లీ వచ్చాడు, మూడు వారాలు అక్క ఆఫీసు మెట్లు దిగి మరీ. ఈసారి అక్కా వాడూ కబుర్లు చెప్పుకుంటూ దిగారు, నేనే వెనకబడ్డాను. దిగే ముందు చీలమండ దగ్గర లేసులు బిగించుకోండి, లేకపోతే పాదం ముందుకి జారి వేళ్లు బూటుకి కొట్టుకుంటూనే ఉంటాయి. కాలి గోళ్లు కూడా ముందురోజే కత్తిరించుకోండి.