ట్యాంకు ఉన్నవాడికి 40 మీటర్లు, లేనివాడికి 130 మీటర్లా?

ప్రశ్న: స్కూబా డైవింగ్ చేసేవాళ్ళని 40 మీటర్లు దాటి దిగొద్దంటారు. ఫ్రీ డైవింగ్ వాళ్ళేమో ఏ ట్యాంకూ లేకుండా ఒక్క ఊపిరితో 130 మీటర్లు దాటేస్తున్నారు. గాలి వెంట ఉన్నవాడికే లిమిట్ తక్కువెందుకు? ఇంకోటి, నేను రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టగలను, స్విమ్మింగ్ పూల్‌లో ఒక్కణ్ణే ప్రాక్టీస్ చేసుకోవచ్చా?

జవాబు: చిక్కంతా ఆ ట్యాంకులో గాలితోనే అండీ. నీళ్ళల్లో ప్రతి 10 మీటర్లకీ ఒక అట్మాస్ఫియర్ ప్రెషర్ పెరుగుతుంది, అంటే 40 మీటర్ల దగ్గర పైన ఉన్నదానికి 5 రెట్లు. నోట్లో పెట్టుకుని పీల్చే రెగ్యులేటర్ కూడా అదే ప్రెషర్‌తో గాలి ఇస్తుంది కాబట్టి పైన గంట వచ్చే ట్యాంకు అక్కడ 12 నిమిషాలకే అయిపోతుంది. అది చాలదన్నట్టు 30 మీటర్ల దగ్గర్నుంచి నైట్రోజన్ మత్తు ఎక్కడం మొదలవుతుంది, గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్‌లో నంబర్ కనిపిస్తూనే ఉంటుంది కానీ దాన్ని చూసి ఏం చెయ్యాలో బుర్రకి తట్టదు. మామూలు గాలితోనే 66 మీటర్లు దాటితే ఆక్సిజన్ కూడా ఫిట్స్ తెప్పించే స్థాయికి చేరుతుంది, నీళ్ళ కింద ఫిట్స్ వచ్చి నోట్లోంచి రెగ్యులేటర్ జారిందంటే ఇక అంతే. అందుకే కోర్సుల్లో మొదట 18, తర్వాత 30, ప్రత్యేకంగా ట్రైనింగ్ అయ్యాక 40 అని పెట్టారు.

అసలు కష్టం దిగడంలో కాదు, పైకి రావడంలో ఉంది. కింద పీల్చిన నైట్రోజన్ రక్తంలో, కండలో కరిగిపోతుంది, గబుక్కున పైకొస్తే బుడగలై కీళ్ళలోనో వెన్నుపాములోనో ఇరుక్కుంటుంది. ఈజిప్టుకి చెందిన అహ్మద్ గాబ్ర్ 2014లో ఎర్ర సముద్రంలో దహబ్ దగ్గర 332.35 మీటర్లు దిగినట్టు గిన్నిస్ రికార్డు ఉంది, దానికి దిగడానికి పట్టింది పావుగంట, పైకి రావడానికి 13 గంటల పైనే! ఆ లోతుకి హీలియం కలిపిన గ్యాస్ వాడతారు.

ఫ్రీ డైవర్ కింద ఊపిరి తీసుకోడు కదా, పైన పీల్చిన ఒక్క ఊపిరే, అందులో నైట్రోజన్ ఎంతని ఉంటుంది. 100 మీటర్ల దగ్గర 6 లీటర్ల ఊపిరి అర లీటరు చిల్లరకి నలిగిపోతుంది. ఒకప్పుడు 50 మీటర్లు దాటితే ఛాతీ నలిగి చచ్చిపోతాడని డాక్టర్లు అనేవాళ్ళు, ఇటలీ ఫ్రీ డైవర్ ఎంజో మైయోర్కా 1961లో దాటి చూపించాడు, 1976లో జాక్ మయోల్ 100 అందుకున్నాడు. చేతులు కాళ్ళలో రక్తం ఛాతీలోకి వచ్చి ఖాళీని నింపుతుందని తర్వాత తేలింది. ఇప్పుడు రష్యాకి చెందిన అలెక్సీ మొల్చనోవ్ మోనోఫిన్‌తో, అంటే రెండు కాళ్ళకీ కలిపి తొడిగే ఒకే పెద్ద రెక్కతో, 130 దాటేశాడు. నా మటుకు నాకు విలియం ట్రూబ్రిడ్జ్ 2016లో ఫిన్స్ కూడా లేకుండా ఉత్త కాళ్ళు చేతులతో ఈది వెళ్ళొచ్చిన 102 మీటర్లే అన్నిటికంటే గొప్ప.

కానీ ఒక్క ఊపిరే కదా అని నైట్రోజన్ పూర్తిగా వదిలెయ్యదు. బరువు కట్టిన స్లెడ్ మీద దిగే నో లిమిట్స్ పద్ధతిలో హెర్బర్ట్ నిట్ష్ 2007లో 214 మీటర్లు వెళ్ళాడు, 2012లో గ్రీసులోని శాంటోరిని దగ్గర 253 దాకా వెళ్ళి పైకొస్తూ మత్తులో స్పృహ తప్పాడు, మెదడులో స్ట్రోకులు వచ్చాయి. 2002లో ఆడ్రీ మెస్త్ర్ ఇదే పద్ధతిలో 171 మీటర్ల ప్రయత్నంలో పైకి లాగాల్సిన బెలూన్ సరిగా నిండక చనిపోయింది, పాపం. ఇలాంటి వాటిని రికార్డులుగా ఎగబడి చూడటం నాకైతే నచ్చదు.

ఇక మీ పూల్ సంగతి. ఒంటరిగా మాత్రం వద్దు, దయచేసి వినండి. ఊపిరి తీసుకోవాలి అని మనల్ని తొందరపెట్టేది ఆక్సిజన్ తగ్గడం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం. ముందు గబగబా ఊపిర్లు పీల్చి దిగితే ఆ తొందరే రాదు, హాయిగా ఉన్నట్టే అనిపిస్తూ ఉన్నట్టుండి స్పృహ పోతుంది, అది నడుం లోతు నీళ్ళల్లో అయినా అంతే. పోటీల్లో సేఫ్టీ డైవర్లు దాదాపు 30 మీటర్ల దగ్గరే ఎదురెళ్ళి వెంట వస్తారు, ఎందుకంటే చాలామంది స్పృహ తప్పేది ఆఖరి 10 మీటర్లలోనో పైకొచ్చాకో. అందుకే పైకొచ్చిన తర్వాత కూడా కనీసం 30 సెకన్లు పక్కనున్నవాళ్ళు కళ్ళు తిప్పుకోకూడదు. మీతో అలా నిలబడే ట్రైనింగ్ ఉన్న తోడు దొరికేదాకా ఊపిరి బిగబట్టే ప్రాక్టీస్ మంచం మీద పడుకుని చేసుకోండి, డైవర్లు కూడా చాలామంది అలాగే చేస్తారు.