ఆంజాక్ డే ప్రాజెక్టుకి ఏ సైనికుడి గురించి రాయించాలి?

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చాం. ఆంజాక్ డే కోసం ఎవరైనా ఒక సైనికుడి గురించి రాసుకురమ్మని మా బాబుకి స్కూల్లో చెప్పారట. ఇక్కడి చరిత్ర మాకేమీ తెలియదు. ఎవరి గురించి రాయించాలి? ఏప్రిల్ 25న తెల్లవారుజామున జరిగే కార్యక్రమానికి మనలాంటి వాళ్ళు వెళ్ళొచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా వెళ్ళొచ్చమ్మా. ఎవరూ పిలవక్కర్లేదు, టెన్షన్ పడకండి. ఆంజాక్ డే అంటే యుద్ధాల్లో పోరాడిన, చనిపోయిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులను తలుచుకునే రోజు. బాబు చేత మాత్రం ఆల్బర్ట్ జాకా గురించి రాయించండి. ఆయన మీ ఊరి మనిషే.

జాకా 1893లో మీరుంటున్న విక్టోరియా రాష్ట్రంలోనే పుట్టాడు. అడవుల శాఖలో కూలి పని చేసుకునేవాడు. 1914 సెప్టెంబర్‌లో సైన్యంలో చేరి, 14వ పదాతి బెటాలియన్‌తో టర్కీలోని గల్లిపోలికి వెళ్ళాడు. 1915 మే 19న టర్కీ సైనికులు కోర్ట్‌నీస్ పోస్ట్ అనే చోట ఆస్ట్రేలియన్ల కందకంలో కొంత భాగం పట్టుకున్నారు. ముందువైపు నుంచి తోటివాళ్ళు బాంబులు విసిరి శత్రువుల దృష్టి మళ్ళిస్తుంటే, జాకా చుట్టూ తిరిగి వెళ్ళి ఒక్కడే ఆ కందకంలోకి దూకాడు. దాన్ని తిరిగి దక్కించుకున్నాడు. అప్పటికి ఆయనకు 22 ఏళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ వచ్చిన తొలి ఆస్ట్రేలియన్ ఆయనే. ఆ పతకం విలువ మన పరమవీర చక్రంతో పోల్చి చెబితే బాబుకి ఇట్టే అర్థమవుతుంది.

నన్నడిగితే అంతకంటే గొప్ప సంగతి ఫ్రాన్స్‌లో జరిగింది. 1916 ఆగస్టు 7న పోజియేర్ దగ్గర జర్మన్లు ఆస్ట్రేలియన్ల లైను దాటి వచ్చేశారు. జాకా ఉన్న భూగృహంలోకి బాంబు దొర్లించారు. ఆయన బతికి బయటపడి చూసేసరికి, పట్టుబడిన ఆస్ట్రేలియన్లను జర్మన్లు వెనక్కి నడిపించుకుపోతున్నారు. తన వెంట మిగిలిన కొద్దిమందితోనే వాళ్ళ మీద పడ్డాడు. ఒళ్ళంతా గాయాలైనా బందీలు విడుదలయ్యారు, పోయిన లైను తిరిగి దక్కింది. దీనికి విక్టోరియా క్రాస్ కంటే చిన్నదైన మిలిటరీ క్రాస్ పతకం ఇచ్చారు. రెండో విక్టోరియా క్రాస్ ఇవ్వాల్సిందని ఇక్కడ చాలామంది ఇప్పటికీ అంటారు, నేనూ అదే అంటాను. 1917లో బుల్లెకూర్‌లో రాత్రిపూట శత్రువుల వైపు వెళ్ళి నిఘా వేసినందుకు మిలిటరీ క్రాస్ రెండోసారి దక్కింది. ఆ తర్వాత అక్కడ జరిగిన దాడిలో ఆయన బ్రిగేడ్‌లోని సుమారు 3,000 మందిలో 2,300 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా బందీలయ్యారు. పై అధికారుల తప్పులను జాకా మొహమాటం లేకుండా ఎత్తిచూపేవాడు. అందుకే కెప్టెన్ దాటి పదోన్నతి రాలేదని చెబుతారు.

ఎంతమందిని చంపాడన్న లెక్క బాబు చేత రాయించకండి. యుద్ధం నుంచి వచ్చాక ఆయన చేసింది రాయించండి. 1930లో మెల్‌బోర్న్‌లోని సెయింట్ కిల్డా ప్రాంతానికి మేయరయ్యాడు. ఆర్థిక మాంద్యంలో సొంత వ్యాపారం దెబ్బతిన్నా, పనిలేని వాళ్ళ కోసం తిరిగాడు. 1932 జనవరిలో 39 ఏళ్ళకే పోయాడు. విక్టోరియా క్రాస్ పొందిన ఎనిమిది మంది ఆయన శవపేటికను మోశారు. సమాధి సెయింట్ కిల్డా శ్మశానంలో ఉంది, బాబుని తీసుకెళ్ళి చూపించండి.

ఒక్క సంగతి మరిచిపోకండి. గల్లిపోలిలో ఆంజాక్‌ల (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికుల) పక్కనే మన భారత సైనికులూ పోరాడారు. కొండ ఫిరంగుల దళం 1915 ఏప్రిల్ 25నే అక్కడ దిగింది. క్లాసులో ఇది చెప్పేవాళ్ళు తక్కువ, మీ అబ్బాయి చెప్పనివ్వండి.

ఇక ఆ రోజు సంగతి. మెల్‌బోర్న్‌లో పెద్ద కార్యక్రమం ష్రైన్ ఆఫ్ రిమెంబరెన్స్ అనే యుద్ధ స్మారకం దగ్గర, చీకటి ఉండగానే మొదలవుతుంది. చలిగా ఉంటుంది, స్వెట్టర్ వేసుకోండి. బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ వాయించాక మౌనం పాటిస్తారు, అప్పుడు ఫోన్ బయటికి తీయకండి. ‘హ్యాపీ ఆంజాక్ డే’ అని ఎవరికీ చెప్పకండి, అది పండగ కాదు. షాపులు చాలావరకు మధ్యాహ్నం దాకా తెరవరు కాబట్టి పాలూ కూరలూ ముందురోజే తెచ్చుకోండి. మీ ఇంట్లో తాతగారో ముత్తాతగారో సైన్యంలో చేసి ఉంటే వారి పతకాలు పెట్టుకుని వెళ్ళొచ్చు. కాకపోతే కుడివైపు పెట్టుకోవాలి. ఎడమవైపు పెట్టుకునే హక్కు స్వయంగా సంపాదించుకున్నవాళ్ళకే.